‘మార్చు’ నొక్కడానికి భయమెందుకు, టీచర్ గారూ?

ఈసారి విశాఖ నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు బడిలో వికీలు వాడడం గురించే. నాలుగింటికి ఇక్కడ జవాబిస్తున్నాను. వికీ అంటే తెలియనివాళ్ళకి ఒక్క మాట: చదివేవాళ్ళే అక్కడికక్కడ మార్చి సేవ్ చేయగలిగే వెబ్‌సైటు. 1995లో వార్డ్ కన్నింగ్‌హామ్ మొదటి వికీ పెట్టారు, 2001లో వికీపీడియా వచ్చింది, 2003 డిసెంబరులో మన తెలుగు వికీపీడియా మొదలైంది.

ప్రశ్న: మేడమ్, నేను జడ్పీ హైస్కూల్లో ఇంగ్లిషు స్కూల్ అసిస్టెంటుని. వచ్చే స్కూల్ కాంప్లెక్స్ మీటింగులో తోటి టీచర్లకి వికీ నేర్పమని నాకు పురమాయించారు. ఇచ్చింది సగం పూటే. చాలామందికి కంప్యూటర్ ముందు కూర్చోవాలంటేనే టెన్షన్. మంచి పీపీటీ ఒకటి చేసుకెళ్తే సరిపోతుందా?
– ఒక టీచరు, పెందుర్తి

జవాబు: పీపీటీ వద్దండీ. ఆ సగం పూటలో వచ్చిన ప్రతి ఒక్కరి చేతా ఒక్క దిద్దుబాటు చేయించండి, అంతకు మించి ఏమీ పెట్టుకోకండి. ముందురోజే గ్రూపులో మెసేజ్ పెట్టి, తెలుగు వికీపీడియాలో ఖాతా ఇంటిదగ్గరే ఎవరి ఫోన్లో వాళ్ళని తెరుచుకు రమ్మనండి. ఎందుకంటే ఒకే ఇంటర్నెట్ కనెక్షన్ నుంచి రోజుకి ఆరు ఖాతాలకి మించి తెరవనివ్వదు. అందరూ బడి వైఫై మీద ఒకేసారి ప్రయత్నిస్తే ఏడో మనిషి దగ్గర ఆగిపోతుంది, ఉన్న ఉత్సాహం కాస్తా పోతుంది.

మీటింగులో ముందు ‘ప్రయోగశాల’ పేజీ చూపించండి, అక్కడ ఏం రాసినా ఎవరికీ ఇబ్బంది లేదు. తర్వాత ఎవరి సొంతూరి పేజీ వాళ్ళని తెరవమనండి. తెలుగు వికీపీడియాలో మన ఊళ్ళ పేజీలు చాలావాటిలో 2011 జనాభా లెక్కల సమాచారం ఒకే అచ్చులో ఉంటుంది. ఊరివాళ్ళకి అందులో తప్పచ్చరమో, అర్థం కాని వాక్యమో కనిపించే అవకాశం ఎక్కువ. దాన్ని సరిచేసి, ప్రచురించి, వెంటనే ‘చరిత్ర’ నొక్కమనండి. తన పేరు, టైము, ఏం మార్చారో అన్నీ అక్కడ కనిపిస్తాయి. ఆ పక్కనే ఉన్న ‘రద్దుచెయ్యి’ కూడా చూపించండి, ప్రయోగశాలలో ఒకసారి రద్దు చేయించండి. నొక్కితే ఏదో పాడైపోతుందన్న భయం పోవాలంటే, పాడైనా వెనక్కి తెచ్చుకోవచ్చని కళ్ళతో చూడాలి, మాటల్లో చెబితే పోదు. బ్రాకెట్ల గుర్తులూ అవీ నేర్పకండి, మామూలుగా టైపు చేసుకునే విజువల్ ఎడిటర్ ఉంది. తెలుగు టైపింగ్ రానివాళ్ళని ఫోన్లో మాట్లాడి రాయమనండి, తప్పులు తర్వాత దిద్దుకోవచ్చు.

చివరి అరగంట మాత్రం వదలకండి. ఎవరి సబ్జెక్టులో ఏ పాఠానికి ఇది పనికొస్తుందో వాళ్ళే చెప్పాలి. గణితం మాస్టారు ‘నాకు దీంతో పని లేదు’ అంటే ఒప్పుకోండి, అన్ని పాఠాలకీ వికీ అక్కర్లేదు. ఇక ట్రైనింగు తర్వాత ఎవరూ పట్టించుకోకపోవడమే మన దగ్గర అసలు సమస్య. తర్వాతి మీటింగులో పది నిమిషాలు అడిగి తీసుకుని, ఎవరు ఎక్కడ ఆగిపోయారో కనుక్కోండి.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతికి సోషల్ చెబుతాను. ప్రాజెక్టు ఇస్తే అందరూ నెట్లోంచి దించేసి తెస్తారు, అక్షరం మార్చరు. వికీలో రాయిస్తే మారతారా? పిల్లలు 54 మంది, ల్యాబ్‌లో పనిచేసే కంప్యూటర్లు పది, నెట్ ఉంటే ఉన్నట్టు లేకపోతే లేనట్టు. నేరుగా వికీపీడియాలోనే రాయించమని ఒకరు సలహా ఇచ్చారు.
– సోషల్ టీచరు, భీమిలి

జవాబు: ఆ సలహా ఇప్పుడే పాటించకండి. 2011లో పుణేలో కొన్ని కాలేజీల్లో ఇలాంటి కార్యక్రమం ప్రయోగాత్మకంగా పెట్టారు. విద్యార్థులు వందల్లో ఒకేసారి ఇంగ్లిషు వికీపీడియాలోకి దిగారు. పుస్తకాల నుంచి, వెబ్‌సైట్ల నుంచి ఎత్తి పెట్టినవి గుట్టలుగా వచ్చిపడ్డాయి, వాటిని తీసేయలేక అక్కడి స్వచ్ఛంద సంపాదకులు నానా యాతన పడ్డారు. ఆ ఏడాదే దాన్ని ఆపేశారు. వాళ్ళు కాలేజీ పిల్లలు, మీవాళ్ళు తొమ్మిదో తరగతి. దించే అలవాటు ముందు నాలుగు గోడల మధ్య పోవాలి.

అందుకని మొదట క్లాసుకి సొంత వికీ పెట్టుకోండి. డోకువికీ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, డేటాబేస్ అక్కర్లేదు, ల్యాబ్‌లో ఒక్క కంప్యూటర్లో వేస్తే మిగతావన్నీ ల్యాబ్ నెట్‌వర్క్ మీదే దాన్ని వాడుకుంటాయి, బయటి నెట్ లేకపోయినా నడుస్తుంది. కివిక్స్ అనే ఇంకో ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తెలుగు వికీపీడియా మొత్తాన్ని ముందే దించి పెట్టుకుంటే చదవడానికీ నెట్ కోసం ఎదురుచూడక్కర్లేదు.

పిల్లలు ఎందుకు దించుతున్నారో కూడా చూడండి. ‘నదుల ప్రాముఖ్యం’ అని ఇస్తే నెట్లో ఎలాగూ తయారుగా ఉంది కదా, వాళ్ళు మాత్రం ఏం చేస్తారు? మీరున్నది భీమిలిలో! డచ్చివాళ్ళ సమాధులు, 1861 నాటి మున్సిపాలిటీ, పావురాళ్ళకొండ బౌద్ధ అవశేషాలు, ఎర్రమట్టి దిబ్బలు, అన్నీ సైకిల్ మీద వెళ్ళొచ్చే దూరంలో ఉన్నాయి. ఐదారుగురికి ఒక పేజీ ఇవ్వండి. వెళ్ళి చూసి, అడిగి, ముందు నోటుపుస్తకంలో రాసుకోవాలి, ఆ తర్వాతే ల్యాబ్. పీరియడ్‌కి సగం మంది ల్యాబ్‌లో ఉంటే మిగతా సగం క్లాసులో రాసుకుంటారు. డోకువికీలో ఒకే పేజీని ఇద్దరు ఒకేసారి మార్చబోతే ఒకరు సేవ్ చేసేదాకా రెండోవాళ్ళు ఆగాల్సి వస్తుంది, కాబట్టి గ్రూపులో ఎవరి వంతు ఎప్పుడో ముందే పంచండి.

ఎర్రమట్టి దిబ్బలే తీసుకోండి. వాటి వయసు ఒకచోట ఒక లెక్క, ఇంకోచోట ఇంకో లెక్క కనిపిస్తుంది. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరాయి, అంతకుముందు రాసిన వ్యాసాల్లో ఆ ముక్కే ఉండదు. ‘నీకెవరు చెప్పారు, ఎక్కడ చదివావు’ అని పిల్లలు ఒకరినొకరు చర్చ పేజీలో, అంటే వ్యాసం గురించి మాట్లాడుకోవడానికి పక్కన పెట్టుకునే పేజీలో, అడుక్కోవడం మొదలుపెట్టారంటే మీ సోషల్ పాఠం సగం అయిపోయినట్టే. నాకు వికీ మీద ఇంత ఇష్టం ఉన్నదే ఆ చర్చ పేజీ వల్ల. పూర్తయిన వ్యాసం ఎంత అందంగా ఉందన్నది నేను రెండో సంగతిగానే చూస్తాను.

ఇంకొకటి. జాలరిపేట పెద్దవాళ్ళు పడవల గురించి, చేపల పేర్ల గురించి చెప్పినవి వికీపీడియాలో నిలవవు, అక్కడ అచ్చయిన ఆధారం కావాలి. మీ క్లాసు వికీకి మాత్రం అవే ప్రాణం, ఎవరు చెప్పారో ఎప్పుడు చెప్పారో రాసి, వాళ్ళ అనుమతితో పెట్టుకోవచ్చు. కేరళలో 2009 నుంచి స్కూల్‌వికీ నడుస్తోంది, 15,000కి పైగా బడులకి అందులో పేజీలున్నాయి, బడి చరిత్రతో పాటు ఊరి సంగతులూ టీచర్లు, పిల్లలే మలయాళంలో రాస్తున్నారు. మనకీ అలాంటిదొకటి ఉండాలని నాకు ఎంతో ఆశ. ఏడాది చివర్లో బాగా రాసే నలుగురైదుగురు పిల్లల్ని మీ ఎదురుగానే వికీపీడియాలోకి తీసుకెళ్ళండి. పాఠ్యపుస్తకం నుంచి, పేపర్ నుంచి ఒక్క పేరా కూడా ఎత్తకూడదని ముందే చెప్పండి. మీరు తీసిన ఫొటో ఒకటి ఆధారం ఉన్న రెండు వాక్యాలతో చేర్చినా చాలు.

ప్రశ్న: మా అమ్మాయి ఎనిమిదో తరగతి. బడిలో ఐదుగురు కలిసి వికీ పేజీ రాయాలట. రాసిందంతా మా అమ్మాయే, మార్కులు మాత్రం అందరికీ సమానం. పైగా తను రాసిన పేరా ఇంకో అబ్బాయి తీసేశాడని రాత్రి అన్నం తినకుండా ఏడ్చింది. ఈ పద్ధతి మంచిదేనా?
– ఒక తల్లి, మధురవాడ

జవాబు: పద్ధతి మంచిదేనమ్మా, నడిపించడంలో లోపం ఉంది. పేజీ ‘చరిత్ర’లో ఎవరు ఎప్పుడు ఏం రాశారో ఉంటుంది, మార్కులు వేసేముందు అది చూడమని టీచరుని మర్యాదగా అడగండి. చార్టు మీద గ్రూప్ ప్రాజెక్టులో ఈ వీలు లేదు. అయితే అక్కడ ఎక్కువ అక్షరాలు కనిపించినవాళ్ళే ఎక్కువ కష్టపడ్డారని కాదు. ఆధారం వెతికి తెచ్చినవాళ్ళు, కంప్యూటర్ రానివాడి కోసం టైపు చేసిపెట్టినవాళ్ళు లెక్కలోకి రాకుండా పోతారు. సేవ్ చేసేటప్పుడు కింద సారాంశం గడిలో ‘ఏం మార్చాను, ఎందుకు’ అని ప్రతిసారీ ఒక వాక్యం రాయించి దానికీ కొన్ని మార్కులు పెడితే ఈ గొడవ చాలావరకు తగ్గుతుంది.

పాపకి చెప్పండి, తీసేసిన పేరా ఎక్కడికీ పోలేదు, పాత కూర్పులో అలాగే ఉంది, తిరిగి పెట్టుకోవచ్చు. పెట్టేముందు ఎందుకు తీశావని ఆ అబ్బాయిని అడగమనండి, వాడి దగ్గర సరైన కారణం ఉండొచ్చు కూడా. కారణం రాయకుండా ఎదుటివాళ్ళ వాక్యం తీయకూడదన్న నియమం మాత్రం టీచరు మొదటిరోజే పెట్టాల్సింది. ఒక్కటి వేడుకుంటున్నా, తన బదులు మీరు కూర్చుని రాయకండి.

ప్రశ్న: ఎవరైనా మార్చగలిగే సైటు మా బడి పేరుతో పెడితే, ఎవడో పిచ్చిరాత రాస్తే బాధ్యత నాది కదా?
– ఒక హెచ్ఎం, గాజువాక

జవాబు: మీదే సార్, అందుకే ‘ఎవరైనా’ అన్నది మీరే తగ్గించుకోవచ్చు. లాగిన్ ఉన్నవాళ్ళే మార్చేలా, కావాలంటే వాళ్ళే చూసేలా కూడా పెట్టుకోవచ్చు. పిచ్చిరాత వస్తే పాత కూర్పుకి తేవడం నిమిషం పని, ఎవరు రాశారో తెలుస్తుంది కాబట్టి లోపలి పిల్లలు అంత తేలిగ్గా సాహసించరు.

నన్ను అడిగితే మీరు ఎక్కువ జాగ్రత్త పడాల్సింది పిల్లల వివరాల దగ్గర. పూర్తి పేర్లు, ఫోన్ నంబర్లు, యూనిఫాంలో ముఖాలు కనిపించే ఫొటోలు పెట్టనివ్వకండి, పెట్టుడు పేర్లతో ఖాతాలు ఇవ్వండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ళు నిండని అందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వాళ్ళ వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. పేరెంట్స్ మీటింగులో చెప్పి సంతకాలు తీసుకోండి.

బయటి కంపెనీ ఉచితంగా ఇచ్చే సైటు మీద పెడితే కాపీ మీ దగ్గరా ఉండాలి. వికీస్పేసెస్ అనే వికీ సైటుని ప్రపంచమంతా ఎంతోమంది టీచర్లు వాడేవారు, 2018లో అది మూతపడింది. డోకువికీలో పేజీలన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్ళే, నెలకోసారి ఆ ఫోల్డర్ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తే సరిపోతుంది. అడ్మిన్ పాస్‌వర్డ్ ఒక్క టీచరు దగ్గరే ఉంచకండి, బదిలీల్లో వాళ్ళు వెళ్ళిపోతే మీ వికీకి తాళం పడినట్టే. ఇద్దరిని అడ్మిన్లుగా పెట్టి, పాస్‌వర్డ్ సీలు కవర్లో ఆఫీసు బీరువాలో ఉంచండి.