లాయంలో అంటురోగాలు: పాఠకుల ప్రశ్నలు, నిపుణుల జవాబులు

ప్రశ్న: ఆర్కే బీచ్‌లో సవారీలకు, ముహూర్తాల రోజుల్లో పెళ్లి ఊరేగింపులకు ఐదు గుర్రాలు తిప్పుతున్నాం. ఇంకోటి కొనబోతున్నాం. ఉన్నది ఒకటే రేకుల షెడ్డు. కొత్తది ఆరోగ్యంగానే ఉన్నా విడిగా కట్టాలా? ఎన్నాళ్లు?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: కట్టాలి. కనీసం మూడు వారాలు, వీలైతే నెల. దవడ కింద గడ్డలు లేచే స్ట్రాంగిల్స్ జబ్బు అంటిన గుర్రం మూడు రోజుల నుంచి రెండు వారాల దాకా ఏ లక్షణమూ చూపించదు. లారీ దిగిన రోజు హుషారుగా ఉందని నమ్మడానికి లేదు.

షెడ్డుకు కనీసం 30 అడుగుల దూరంలో టార్పాలిన్ పందిరి వేయండి. గాలి పాత గుర్రాల వైపు నుంచి కొత్తదాని వైపు వీచేలా చోటు చూసుకోండి. అయితే గుర్రాలకు వచ్చే ఫ్లూ, అంటే ఇన్‌ఫ్లుయెంజా దగ్గు తుంపర్లు ఇంకా దూరం పోతాయి. 2008లో జమ్మూ ప్రాంతంలో బయటపడి చాలా రాష్ట్రాలకు పాకింది ఆ జబ్బే. దానికి టీకా ఉంది, డాక్టరుతో మాట్లాడి వేయించండి.

దూరం పాటించినా చాలాచోట్ల జబ్బు దాటేది బకెట్టు మీద, చేతుల మీద. కొత్తదానికి బకెట్టు, దాణా తొట్టి, బ్రష్, కళ్ళెం అన్నీ వేరుగా ఉంచి, వాటికి ఎర్ర రంగు పూయండి. పొద్దున పాత గుర్రాల పని పూర్తయ్యాకే దాని దగ్గరికి వెళ్లాలి. వచ్చాక సబ్బుతో చేతులు కడుక్కుని, చొక్కా, చెప్పులు మార్చాలి. నీళ్లు పట్టేటప్పుడు పైపు కొన బకెట్టులో మునగనివ్వకండి. మునిగిన కొన ఒక గుర్రం చీమిడిని వరసగా అన్ని బకెట్లకూ చేరుస్తుంది. స్ట్రాంగిల్స్ క్రిమి నీళ్లలో వారాల తరబడి బతుకుతుంది.

అన్నిటికంటే ముఖ్యం థర్మామీటరు. ఉదయం, సాయంత్రం, సవారీకి ముందు చూడండి. గుర్రానికి సరిగ్గా వెనక నిలబడకుండా ఎడమ తొడ పక్కన ఆనుకుని నిలబడి, వాజలిన్ రాసి, మలద్వారం గోడకు తగిలేలా రెండు నిమిషాలు ఉంచండి. థర్మామీటరుకు దారం కట్టి తోకకు క్లిప్పు పెడితే లోపలికి జారిపోదు. మామూలు వేడి 99 నుంచి 101 డిగ్రీల ఫారన్‌హీట్. విశ్రాంతిలో ఉండగా 101.5 దాటితే ఆ పూటే వేరుచేసి డాక్టరును పిలవండి. స్ట్రాంగిల్స్‌లో జ్వరం మొదలైన ఒకటి రెండు రోజుల తర్వాతే క్రిములు బయటికి రావడం మొదలవుతుంది. చీమిడి కారేదాకా ఆగితే ఆ రెండు రోజులూ చేజారిపోతాయి.

గడ్డ పగిలి గుర్రం కోలుకున్నా వెంటనే కలపకండి. కొన్ని గుర్రాల్లో క్రిమి గొంతు పక్క సంచుల్లో నెలల తరబడి దాక్కుంటుంది. డాక్టరు వారానికోసారి చొప్పున మూడుసార్లు తీసిన నమూనాల్లో క్రిమి లేదని తేలాకే కలపాలి.

ప్రశ్న: షెడ్డులో రోజూ బ్లీచింగ్ పౌడర్ చల్లుతున్నాం. అది చాలదా?

జవాబు: లద్దె మీద, మూత్రం మీద చల్లితే వృథా. మురికి క్లోరిన్ బలాన్ని తినేస్తుంది. పైగా మూత్రంలోని అమోనియాతో కలిసి కళ్లు, ఊపిరితిత్తులు మండించే పొగ వస్తుంది. ముందు గడ్డి, లద్దె ఎత్తేసి, సబ్బు నీళ్లతో రుద్ది, కడిగి ఆరనివ్వండి. ఆ తర్వాత పది లీటర్ల నీళ్లకు 150 గ్రాముల తాజా పౌడర్ కలిపి తడపండి. పది నిమిషాలు తడిగా ఉండాలి. ఆ తర్వాత తొట్లను మంచినీళ్లతో కడగండి. మన ఊరి ఉక్కపోతలో తెరిచిన సంచి త్వరగా బలం పోగొట్టుకుంటుంది కాబట్టి, మూత గట్టిగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో దాచండి. ఇలా మట్టి నేల శుద్ధి కాదు. పైమట్టి తీసేయాల్సిందే.

ప్రశ్న: ఒక గుర్రానికి ముక్కులోంచి జిగట చీము, కాలి లోపలి వైపు గొలుసులా గడ్డలు. గ్లాండర్స్ అంటే చంపేస్తారని భయం. గుట్టుగా మందులు వాడొచ్చా?

జవాబు: వద్దు. గ్లాండర్స్ మనుషులకూ అంటుతుంది, ప్రాణం తీస్తుంది. టీకా లేదు. ఆ గుర్రాన్ని చూసుకునే కుర్రాడికే అందరికంటే ఎక్కువ ప్రమాదం. ఈ రోజే సవారీలన్నీ ఆపండి, ఏ గుర్రాన్నీ షెడ్డు దాటించకండి, ఆ చీమును చేత్తో ముట్టకండి. పశువైద్యాధికారికి చెప్పండి, లేదా పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయండి. 2009 నాటి పశువుల అంటురోగాల చట్టం ప్రకారం చెప్పడం మీ బాధ్యత. రక్త నమూనాను హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం పరీక్షిస్తుంది. ఇలాంటి గడ్డలు ఇతర జబ్బుల్లోనూ వస్తాయి గనుక పరీక్ష కాకుండా గ్లాండర్స్ అని తేల్చుకోవద్దు. నిర్ధారణ అయితే మాత్రం గుర్రాన్ని చంపక తప్పదు. అప్పుడు ప్రభుత్వ పరిహారం సంగతి అధికారిని అడగండి. షెడ్డులో ఎవరికైనా జ్వరమో, చర్మం మీద పుండో వస్తే గుర్రం విషయం డాక్టరుకు ముందే చెప్పాలి.

ప్రశ్న: రోజూ సముద్రంలో కడిగితే తామర పోతుందంటారు, నిజమా?

జవాబు: పోదు. ఉప్పు చర్మాన్ని ఎండగడుతుంది. సముద్రంలోకి దించినా తర్వాత మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి. తామర ఎక్కువగా పాకేది జీను కింది గుడ్డల ద్వారా, ఒక గుర్రం మీద నుంచి ఇంకో గుర్రం మీదికి మార్చే పెళ్లి అలంకరణ గుడ్డల ద్వారా. గుర్రానికో జత పెట్టి, ఉతికి ఎండలో వేయండి. తామర చోటును చేత్తో గోకకండి, అది మీకూ అంటుతుంది.