412 దగ్గర ఆగింది, మిగతావి ఏమయ్యాయి?

ప్రశ్న: మోంగోడీబీ డేటాబేస్‌లోకి ఒకేసారి 1000 రికార్డులు పంపాను. ‘డూప్లికేట్ కీ’ (అదే గుర్తింపు విలువ ముందే ఉంది) అని ఒకే ఒక్క ఎర్రర్ వచ్చింది. ఆ రికార్డు సరిచేసి ఫైలు మొత్తం మళ్లీ పంపితే, ఈసారి మొదటి రికార్డు దగ్గరే అదే ఎర్రర్! ఏవి ఎక్కాయో, ఏవి ఎక్కలేదో తేలడం లేదు. ఎర్రర్‌లో ఇండెక్స్ 412, కోడ్ 11000 అని ఉంది.

జవాబు: ఆ అంకె రాసి పంపారు, సంతోషం. చాలామంది ఎర్రర్‌లో పై వాక్యం చదివి కిటికీ మూసేస్తారు. ఇండెక్స్, అంటే పంపిన వరుసలో రికార్డు స్థానం, లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి, తప్పు మీ ఫైలులో 413వ రికార్డుది. ఈ ఒక్క అంకె తేడా మరిచిపోయి, పక్కనున్న మంచి రికార్డును ‘సరిదిద్ది’ నేను ఒక పూటంతా పోగొట్టుకున్నాను.

మనం వేరేగా చెప్పకపోతే మోంగోడీబీ వరుసగా రాసుకుంటూ పోయి, మొదటి తప్పు దగ్గర ఆగిపోతుంది. అప్పటికే ఎక్కిన 412 రికార్డులను వెనక్కి తీయదు. తరవాతి 587 రికార్డుల జోలికే పోలేదు; వాటిలో ఇంకెన్ని తప్పులున్నాయో దానికీ తెలియదు. మీరు రెండోసారి పంపింది ఎక్కినవాటినే కాబట్టి మొదటి అడుగులోనే తగిలింది. తగలడం మీ అదృష్టం. ఐడీలు మీరు ఇవ్వకుండా, యూనిక్ ఇండెక్స్ (ఒకే విలువ రెండుసార్లు రాకుండా ఆపే ఏర్పాటు) కూడా లేకుండా, వేరే తప్పుతో ఆగి ఉంటే ఆ 412 రికార్డులూ చడీచప్పుడు లేకుండా రెండేసి అయ్యేవి.

ఇప్పుడు 413వ రికార్డు నుంచి మాత్రమే పంపండి. ‘ఆర్డర్డ్’ (వరుసగానే రాయాలా అన్న ఎంపిక) అన్నచోట ‘ఫాల్స్’ పెట్టండి. ఆగకుండా చివరిదాకా వెళ్లి, ఎక్కనివాటినన్నిటినీ ‘రైట్ ఎర్రర్స్’ జాబితాలో ఇస్తుంది. ఆ ఇండెక్సులు కొత్త ఫైలువి. 412 కలిపితే పాత ఫైలు ఇండెక్స్ వస్తుంది; ఎన్నో రికార్డో తెలియాలంటే ఇంకో ఒకటి కలుపుకోండి.

పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్‌లో ఫైలు నుంచి రికార్డులు ఎక్కించే కాపీ ఆదేశం మామూలుగా ఒక్క తప్పుకే మొత్తం రద్దు చేస్తుంది. కోపం వస్తుంది గాని, ఎక్కడున్నామో తెలుస్తుంది. నన్ను బాగా ముంచింది ఎలాస్టిక్‌సెర్చ్ అనే వెతుకులాట వ్యవస్థ. బల్క్ (ఒకేసారి చాలా రికార్డులు పంపే) అభ్యర్థనకు 200, అంటే ‘సరే’ అని జవాబు రాగానే అన్నీ ఎక్కాయని పైవాళ్లకు చెప్పేశాను. లోపల ‘ఎర్రర్స్: ట్రూ’ అని ఉంది. ఒక్కో రికార్డుకు విడిగా ఉండే స్టేటస్ చూడనే లేదు.

అన్నట్టు, మోంగోడీబీ జవాబులో ‘రైట్ కన్సర్న్ ఎర్రర్స్’ అని ఇంకో జాబితా కూడా ఉంటుంది. అందులో ఏదైనా కనిపిస్తే రికార్డు ఎక్కలేదని అనుకోకండి. సాధారణంగా ప్రధాన సర్వర్‌లో రాయడం అయిపోయి ఉంటుంది, మిగతా ప్రతుల నుంచి మీరు అడిగిన గడువులో ధ్రువీకరణ రాలేదంతే. మళ్లీ పంపేముందు వెతికి చూసుకోండి.