మీటరులో 65, రాళ్ళ లెక్కలో 82

ఇంజన్ జోలికి వెళ్ళకండి. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నా జవాబులు పొడవని మా ఇంట్లోనే పేరుంది.

మీరు అడిగింది ఇది: 1990ల నాటి మహీంద్రా ఎంఎం540 డీజిల్ జీపు ఉంది, హైవే మీద 60 దాటితే రొద భరించలేకపోతున్నారు, మెకానిక్ వేరే ఇంజన్ దించమంటున్నాడు, హైదరాబాదు నుంచి బెంగళూరు దాకా హాయిగా వెళ్ళే మార్గం ఏదైనా ఉందా అని. ఉంది. అయితే దాన్ని బానెట్ కింద వెతక్కండి, వెనక చక్రాల మధ్య వెతకండి.

మాదీ అదే జీపు, 1993 మోడల్. మా నాన్నగారు సేద్యానికి కొన్నారు. వేరుశనగ మూటలు, యూరియా బస్తాలు, పెళ్ళివారు, ఒక అర్ధరాత్రి ఈనలేక అవస్థ పడుతున్న గేదె కోసం పశువుల డాక్టరు, అందరూ అన్నీ అందులోనే. ఇంజన్ ప్యూజో వారి ఎక్స్‌డీపీ 4.90. నాలుగు సిలిండర్లు, ఒక్కొక్కటి 90 మిల్లీమీటర్ల వెడల్పు, ఆ పేరులో ఉన్న రహస్యం అంతే. 2112 సీసీ, 62 గుర్రాల శక్తి. ఈ కాలంలో సంతకు వెళ్ళే చిన్న కారు కూడా ఇంతకంటే ఎక్కువే ఇస్తుంది, ఒప్పుకుంటాను. కానీ చదును రోడ్డు మీద 80లో వెళ్ళడానికి 62 గుర్రాలు బ్రహ్మాండంగా సరిపోతాయి. సరిపోనిది గేరు.

మా జీపులో నాలుగో గేరే చివరిది. అందులో ఇంజన్ ఎన్ని చుట్లు తిరిగితే వెనక్కి వెళ్ళే షాఫ్టు కూడా అన్నే తిరుగుతుంది. ఆ షాఫ్టు 5.38 సార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుంది. చక్రం ఒక చుట్టుకు సుమారు రెండుంబావు మీటర్లు నడుస్తుంది. అంటే 80లో వెళ్ళాలంటే ఇంజన్ నిమిషానికి దాదాపు 3200 చుట్లు తిరగాలి. బురదలో బండిని లాగడానికి పెట్టిన గేరు అది. దానితో రోజంతా హైవే మీద పరుగెత్తమంటే పాపం ఆ ఇంజన్ ఏడవక ఏం చేస్తుంది?

ఈ సంగతి నాకు కర్నూలులో ఒక ముసలి మెకానిక్ చూపించాడు. చెప్పలేదు, చూపించాడు. వెనక చక్రాల మధ్య ఉండే ఇనప డబ్బా, అదే హౌసింగ్, విప్పి, లోపలి పెద్ద పళ్ళచక్రాన్ని, అదే క్రౌన్‌ను, కిరోసిన్‌తో కడిగి గోనెపట్టా మీద పెట్టాడు. ఒక పన్ను మీద సుద్దముక్కతో గీత గీసి నన్నే లెక్కపెట్టమన్నాడు. 43 వచ్చాయి. దాన్ని తిప్పే చిన్న పళ్ళచక్రానికి, అదే పినియన్‌కు, 8. “ఎనిమిది పళ్ళతో నలభై మూడింటిని తోయిస్తున్నారు సార్, అరవదా మరి?” అన్నాడు. రెండు నెలలు తిరిగి ఎక్కడెక్కడో గాలించి 47 పళ్ళ క్రౌన్, 11 పళ్ళ పినియన్ ఉన్న జతలు రెండు సంపాదించాడు. భాగిస్తే 4.27. అదే 80కి ఇప్పుడు 2500 చిల్లర చుట్లు చాలు.

రెండు జతలు ఎందుకంటే ముందు హౌసింగ్‌లో కూడా అదే వేయాలి. వెనక ఒక్కటే మార్చితే డబ్బు మిగులుతుందని మీకు ఎవరైనా చెబితే ఆయనకు నమస్కారం పెట్టి వచ్చేయండి. ఏ వానకో ఫోర్ వీల్ వేసిన రోజు ముందు చక్రాలది ఒక లెక్క, వెనక చక్రాలది మరో లెక్క అయి మధ్యలో ఏదో ఒకటి విరుగుతుంది.

ఇక అసలు కథ. క్రౌన్లు మార్చాక మొదటి ప్రయాణం కర్నూలు నుంచి అనంతపురం, మా వదినగారింటికి. ఎన్‌హెచ్ 44 మీద. నా నోటికి అది ఇప్పటికీ ఏడో నంబరు రోడ్డే. తెల్లవారుజామున బయలుదేరాం, మా ఆవిడా నేనూ. మీటరు ముల్లును 65 దగ్గర నిలబెట్టాను, ముప్పై ఏళ్ళ అలవాటు. ఇంజన్ చప్పుడు కూడా ఎప్పుడూ 65లో వినిపించేదే. క్రౌన్ మార్చిన ఫలితం ఏమీ కనిపించక కాస్త దిగులు పడ్డాను కూడా. ఒక్కటే వింత, ఎప్పుడూ నన్ను దాటి వెళ్ళే లారీలను ఆ రోజు నేను దాటుతున్నాను. లారీవాళ్ళకు బుద్ధి వచ్చిందని, మెల్లగా నడుపుతున్నారని మా ఆవిడతో అన్నాను.

అమకతాడు టోల్‌గేటు దగ్గర ఎప్పుడూ బ్రేకు తొక్కే చోటే తొక్కాను. మా బండికి నాలుగూ డ్రమ్ బ్రేకులే, వాటి గుణం నాకు తెలుసు. కానీ ఆ రోజు బండి ఆగాల్సిన చోటు దాటి పోతూనే ఉంది. చివరకు ఒక టిప్పరు వెనక, దాని మీద రాసిన ‘సౌండ్ హారన్’ అక్షరాల పెయింటు పెచ్చులు లేచినవి కనిపించేంత దగ్గరికి వెళ్ళి ఆగింది. మెకానిక్‌ను నోరారా తిట్టాను. హౌసింగ్ విప్పినప్పుడు నూనె సీళ్ళు సరిగా వేయలేదని, నూనె కారి బ్రేకు లైనింగులు తడిసిపోయాయని అక్కడికక్కడే తీర్పు కూడా చెప్పేశాను.

మా ఆవిడ ఏమీ అనలేదు. ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయింది. టోలు దాటి బండి మళ్ళీ 65 అందుకున్నాక ఫోనులో స్టాప్‌వాచ్ తెరిచి, రోడ్డు పక్కన పసుపు తల ఉన్న కిలోమీటరు రాళ్ళ వైపు చూస్తూ కూర్చుంది. కాసేపటికి, “ఏమండీ, మీటరులో ఎంతుంది?” అన్నది.

“అరవై అయిదు.”

“అరవై అయిదైతే రాయికీ రాయికీ యాభై అయిదు సెకన్లు పట్టాలి. నలభై నాలుగే పడుతోంది.”

రోడ్డు వెడల్పు చేసినప్పుడు కంట్రాక్టరు రాళ్ళను ఇష్టం వచ్చినట్టు పాతి ఉంటాడని అన్నాను. సరే అని ఆవిడ వరసగా అయిదు కిలోమీటర్లు లెక్కపెట్టింది. 3 నిమిషాల 40 సెకన్లు. “రాళ్ళన్నీ కూడబలుక్కుని పక్కకు జరగవు కదా. మనం ఎనభై రెండులో వెళ్తున్నాం” అన్నది.

డోన్ ఇంకా రాకముందే ఒక వేపచెట్టు కింద బండి ఆపాను. కిందికి వంగి చూస్తే తెలిసింది. మీటరు తీగ ఫోర్ వీల్ గేర్ల పెట్టె నుంచి వస్తుంది, అంటే హౌసింగ్‌కు ముందే. క్రౌన్‌కు ఎన్ని పళ్ళున్నాయో ఆ తీగకు ఎలా తెలుస్తుంది? అది షాఫ్టు చుట్లనే లెక్కపెడుతుంది. పాత క్రౌన్‌తో 65కీ, కొత్త క్రౌన్‌తో 82కీ ఇంజన్ తిరిగేది సుమారు 2600 చుట్లే. నా చెవీ, మీటరూ ఒకే చోట నుంచి సమాచారం తెచ్చుకుని ఒకే అబద్ధం చెప్పాయి. బ్రేకు ఒక్కటే నిజం చెప్పింది, నేను దాన్ని తిట్టాను. మెకానిక్‌కు ఫోను చేసి క్షమాపణ అడిగాను. తిట్టిన సంగతే ఆయనకు తెలియదు కాబట్టి ఎందుకు అడుగుతున్నానో ఆయనకు అర్థం కాలేదు.

కాబట్టి మీ ప్రశ్నకు నా జవాబు: క్రౌన్ మారిస్తే ఈ జీపు నిజమైన 75, 80 మధ్య హాయిగా వెళ్తుంది. నాలుగు వరసల హైవే మీద కార్లకు 100 దాకా అనుమతి ఉంది కదా అని వాదించకండి. డబ్బా ఆకారపు బండిని గాలి ఊరికే వదలదు, వేగం కొంచెం పెంచితే ఎదురు తోపు చాలా పెరుగుతుంది. గుత్తి దాటాక ఆషాఢం గాలి ఎదురైతే 4.27తో నాలుగో గేరు లాగలేక మూడోకు దిగాల్సి వస్తుంది, అది మాత్రం దాచను. ఎప్పుడూ బరువు వేసుకుని తిరిగేవారైతే 39, 8 పళ్ళ జత చూడండి, 4.88 వస్తుంది, మధ్యే మార్గం.

రొదలో సగం ఇంజన్‌ది కాదు, టాపుది. రెగ్జిన్ టాపు వదులుగా ఉంటే 70 దగ్గర చేటలతో కొట్టినట్టు మోగుతుంది. పట్టీలు బిగించండి. ఇంకొకటి, పక్కలన్నీ మూసి వెనక తెర ఒక్కటే ఎత్తి నడపకండి. బండి వెనక గాలి పలచబడి పొగంతా లోపలికే వస్తుంది. దారి బాగానే ఉన్నా తలనొప్పి ఎందుకు వచ్చిందని మా బావమరిది రెండేళ్ళు జీపును ఆడిపోసుకున్నాడు, తెర కట్టేసరికి తలనొప్పి పోయింది. అడవికి వెళ్ళే పెద్ద గుబ్బల టైర్లు వేసి రోడ్డు మీద హోరుమంటోందని ఫిర్యాదు చేసే కుర్రవాళ్ళ గురించి నేనేమీ మాట్లాడను. స్టీరింగ్ వణికితే ముందు చక్రాలను తిప్పే కీళ్ళు, అంటే కింగ్ పిన్‌లు, టై రాడ్ ఎండ్‌లు చూపించండి. అది సౌకర్యం విషయం కాదు, ప్రాణం విషయం.

మెల్లగా వెళ్ళేవాళ్ళం ఎడమ వరసలో పోదామంటే అక్కడ ఎదురుగా ట్రాక్టరు వస్తుంది, రాంగ్ రూటులో, దీపం కూడా లేకుండా. కుడి వరసలోకి మారదామంటే అక్కడ 40లో ఒక లారీ, ఆ వరస తన పొలం గట్టు అయినట్టు. వాళ్ళిద్దరి మధ్య వెనక నుంచి తెల్లటి దీపాలు కొడుతూ ఒక కొత్త కారు. ఏ వేగంలో హాయిగా ఉంటుందని మీరు అడిగారు గానీ, ఆ హాయిని మిగల్చకుండా చేసేది మన బండి ఒక్కటే కాదు.

మీటరు నేను ఇప్పటికీ బాగుచేయించలేదు. చూపిన దానికి పావు వంతు కలుపుకోవడం అలవాటయింది. అద్దం మీద 60 దగ్గర మా ఆవిడ ఎర్ర గోళ్ళ రంగుతో ఒక చుక్క పెట్టింది, అంటే నిజంగా 75. ముల్లు దాన్ని దాటితే ఫోను బయటికి తీస్తుంది.

మొదట మీ మెకానిక్‌ను వెనక హౌసింగ్ విప్పి పళ్ళు లెక్కపెట్టమనండి. 43, 8 వస్తే ఇక్కడే రాయండి, జత ఎక్కడ వెతకాలో చెబుతాను.