అమెరికా బాస్కెట్‌బాల్ గార్డ్ (బంతిని నడిపించే ప్లేయర్) కెయిట్లిన్ క్లార్క్‌ని అంతలా మెచ్చుకుంటున్నది మూడు పాయింట్ల షాట్లకేనా?

భీమవరంలో మా గ్రౌండ్‌కి వచ్చే ఆడపిల్లలూ ఇదే అడుగుతుంటారు. షాట్లు సగం కారణమే. నన్నడిగితే ఆమె అసలు గొప్పతనం పాస్‌లో ఉంది.

2024లో ఇండియానా ఫీవర్ జట్టు ఆమెను డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ప్లేయర్లని తీసుకునే చోట, మొట్టమొదట ఎంచుకుంది. ఆ సీజన్‌లోనే 337 అసిస్టులు (తోటి ప్లేయర్ బాస్కెట్ వేసేలా ఇచ్చిన పాస్‌లు) చేసింది. అప్పటికి అమెరికా మహిళల లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో ఒక సీజన్‌కి అదే అత్యధికం. డల్లాస్ మీద ఒక్క మ్యాచ్‌లోనే 19.

ఇది ఎలా సాధ్యమైందంటే, మూడు పాయింట్ల గీతకి చాలా వెనక నుంచి కూడా ఆమె షాట్ వేయగలదు. అందుకే డిఫెండర్ అంత దూరం ముందుకు రాక తప్పదు. ఒక్కోసారి ఇద్దరొస్తారు. అప్పుడు మిగిలిన ముగ్గురు నలుగుర్ని కాయాలి, రింగ్ దగ్గర ఎవరో ఒకరు ఖాళీగా దొరుకుతారు. ఆ ఖాళీ మనకి కనిపించేలోపే బంతి అక్కడికి చేరిపోతుంది! షాట్ భయం వల్లే పాస్‌కి దారి దొరుకుతుంది. ఈ రెండూ కలిసిన గార్డులు అరుదు.

టర్నోవర్లు, అంటే బంతిని ప్రత్యర్థికి పోగొట్టుకోవడాలు, ఎక్కువన్న మాట నిజమే. ఆ సీజన్‌లో 223 అంటే చిన్న సంఖ్య కాదు. కానీ అంత కష్టమైన పాస్‌లు ప్రయత్నించే రూకీకి (తొలి సీజన్ ప్లేయర్‌కి) అవి తగ్గించుకోవడం అనుభవంతో వస్తుంది. చూపు మాత్రం నేర్పితే వచ్చేది కాదు.

అక్కడ ఇండియానాలో రాత్రి 7 గంటల మ్యాచ్ మనకి తెల్లవారుజామున 4:30కి వస్తుంది. లేవగలిగితే పూర్తి మ్యాచే చూడండి. హైలైట్స్‌లో ఎక్కువగా షాట్లే చూపిస్తారు.