లైసెన్సింగ్ కమిటీలో కూర్చోబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

మే నెల కౌన్సిల్ (స్థానిక సంస్థ) ఎన్నికల్లో గెలిచావని మీ నాన్న ఫోన్ చేసినప్పుడు ఎంతో సంతోషించాను. టాక్సీ డ్రైవర్లకు లైసెన్సు ఇవ్వాలా వద్దా తేల్చే లైసెన్సింగ్ సబ్ కమిటీలో నిన్ను వేశారని తెలిసి అంతకు రెట్టింపు సంతోషించాను. కొత్తగా గెలిచినవాళ్లందరూ ప్లానింగ్ కమిటీ కోసం పోటీపడతారు, టాక్సీ లైసెన్సుల పనిని చిన్నచూపు చూస్తారు. కానీ ఇంగ్లండ్‌లో ఒక కౌన్సిలర్ చేయి ఎత్తితే ఒక మనిషి బతుకుతెరువు, అర్ధరాత్రి ఒంటరిగా కారెక్కే ఆడపిల్ల క్షేమం రెండూ ఒకేసారి తేలిపోయే చోటు ఈ కమిటీయే. పాత నేరాలు ఉన్న దరఖాస్తుదారు ఎదురుగా కూర్చుంటే ఎలా నిర్ణయించాలని అడిగావు. ఆ కుర్చీలో చాలాకాలం కూర్చున్నవాడిగా నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందుగా ఒకటి మనసులో స్థిరపరచుకో. అతనికి మళ్లీ శిక్ష వేయడం మీ పని కాదు. క్షమించడమూ మీ పని కాదు. శిక్ష కోర్టు ఎప్పుడో వేసింది, అతను అనుభవించాడు. మీరు చూడవలసింది ప్రయాణికుడి వైపు నుంచి. 1976 నాటి స్థానిక ప్రభుత్వ చట్టం ప్రకారం, ఈ పనికి తగినవాడని, యోగ్యుడని నమ్మకం కుదిరితే తప్ప కౌన్సిల్ లైసెన్సు ఇవ్వకూడదు. అంటే తన యోగ్యతను చూపించుకోవలసిన బాధ్యత దరఖాస్తుదారుదే. అతను అయోగ్యుడని మీరు నిరూపించనక్కరలేదు. ఈ తేడా పట్టుబడితే సగం పని తేలికవుతుంది.

2020 జులైలో రవాణా శాఖ టాక్సీ లైసెన్సుల కోసం ఇచ్చిన ప్రమాణాల్లో ఈ సంగతిని ఒక ప్రశ్నగా పెట్టారు: నీకు కావలసిన మనిషిని, వారు ఏ స్థితిలో ఉన్నా, పగలైనా రాత్రైనా ఈ మనిషి బండిలో ఒంటరిగా పంపుతావా? ప్రతి విచారణకు ముందు ఆ ప్రశ్న ఒకసారి చదువుకో. సగం సగంగా ఊగుతున్నావా, అయితే లైసెన్సు ఇవ్వకూడదు. సందేహం వస్తే దాని లాభం దరఖాస్తుదారుకు కాదని ఆ ప్రమాణాలే చెబుతున్నాయి. క్రిమినల్ కోర్టుల పద్ధతికి అలవాటుపడిన మనసుకు ఇది మొదట్లో అన్యాయంగా తోస్తుంది. కానీ ఇక్కడ ఎవరినీ జైలుకు పంపడం లేదు కదా.

ఇక ఫైలు సంగతి. విచారణకు ముందు రోజు రాత్రి పైపైన తిరగేసి వెళ్లే కౌన్సిలర్లను చూశాను. నువ్వు అలా చేయకు. కాగితం పెన్సిలు తీసుకుని తేదీలన్నీ వరుసగా రాసుకో: నేరం ఎప్పుడు జరిగింది, శిక్ష ఎప్పుడు పడింది, ఎప్పుడు ముగిసింది. ఒక్కో రకం నేరానికి ఇన్నేళ్లు గడవాలని ఆ ప్రమాణాల్లో ఉంది. ఆ కాలాన్ని లెక్కించేది శిక్ష పూర్తయిన రోజు నుంచి. దాడి కేసులో ఒకతనికి 2014లో నాలుగేళ్ల శిక్ష పడిందనుకో. రెండేళ్లకే బయటికి వచ్చినా, షరతులపై బయట ఉన్న కాలం కూడా శిక్షలో భాగమే. కాబట్టి లెక్క 2018 నుంచి మొదలవుతుంది, హింసా నేరానికి చెప్పిన పదేళ్లు 2028కి పూర్తవుతాయి. దరఖాస్తుదారులు మాత్రం సాధారణంగా నేరం జరిగిన రోజు నుంచి లెక్క చెబుతారు. మామూలు ఉద్యోగాల్లో కాలం చెల్లిన శిక్షలను బయటపెట్టనక్కరలేదు గానీ టాక్సీ డ్రైవర్లకు ఆ వెసులుబాటు లేదు. డీబీఎస్ (ప్రభుత్వ నేర చరిత్ర తనిఖీ) సర్టిఫికెట్‌లో పాతవి కూడా రావచ్చు, వాటిని పరిగణించే అధికారం మీకు ఉంది.

అదే ప్రమాణాల్లో మిగతా గడువులూ ఉన్నాయి. మరణానికి కారణమైన నేరం, లైంగిక నేరం, మనుషులను దోపిడీ చేసిన నేరం ఉన్నవారికి లైసెన్సు ఇవ్వకూడదు. మత్తుపదార్థాల సరఫరాకు పదేళ్లు, దగ్గర ఉంచుకున్నందుకు అయిదేళ్లు. ఆయుధం కలిగి ఉండటానికి, మోసానికి, తాగి బండి నడపడానికి ఏడేళ్లు. ఫోను చేతిలో పట్టుకుని నడిపినందుకు కూడా అయిదేళ్లు ఉన్నాయి, చాలామంది కౌన్సిలర్లకే ఇది తెలియదు. అయితే గడువు దాటితే లైసెన్సు హక్కుగా రాదు, గడువు దాటకపోతే తలుపు పూర్తిగా మూసుకుపోయినట్టూ కాదు. ఎవరి సంగతి వారిదిగా విని తీరాలి. వినకుండా విధానం పేరు చెప్పి కాదంటే అప్పీలులో నిలవదు.

ఒకరోజు మా ముందుకు ఇద్దరు వచ్చారు. ఎవరో తెలియకుండా వివరాలు కొన్ని మార్చి చెబుతాను. మొదటి అతనిది దాడి కేసు, పదేళ్ల గడువు దాటింది. ఏం జరిగిందని అడిగితే "చిన్న తోపులాట" అన్నాడు. కోర్టు కాగితంలో గాజు గ్లాసుతో ముఖం మీద కొట్టినట్టు ఉంది. దెబ్బ తిన్న మనిషి తరువాత ఏమయ్యాడని అడిగాను. "నాకు తెలియదు, ముందు వాడే తిట్టాడు" అన్నాడు. అన్నేళ్ల తరువాత కూడా అతనికి గుర్తున్నది ఆ తిట్టే. తాగిన ప్రయాణికులు తిట్టని శనివారం రాత్రి టాక్సీ డ్రైవరుకు ఉండదు. కాదన్నాం.

రెండో అతనిది ప్రభుత్వ భత్యం మోసం చేసి తీసుకున్న కేసు. ఏడేళ్లకు ఇంకా కొన్ని నెలలు తక్కువ. అడగకముందే ఏం చేశాడో తేటగా చెప్పాడు, అబద్ధం ఏ ఫారంలో ఏ గడిలో రాశాడో సహా. తీసుకున్న డబ్బంతా తిరిగి కట్టిన రసీదుల కట్ట, డెలివరీ సంస్థలో నగదు వసూలు బాధ్యత అప్పగించినట్టు యజమాని రాసిన ఉత్తరం బల్ల మీద పెట్టాడు. ఆ ఉత్తరం నిజమైనదేనా అని మా అధికారి ముందే ఫోన్ చేసి నిర్ధారించుకున్నారు. గడువు ఎందుకు సడలించామో కారణాలు రాసి లైసెన్సు ఇచ్చాం. మంచి మాటలు చెప్పడం అందరికీ వచ్చు. అవతలి మనిషికి కలిగిన నష్టాన్ని తలుచుకోగలుగుతున్నాడా, తన మాటకు సాక్ష్యం తెచ్చాడా అన్నవి చూడు.

నిన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది మొహమాటం. దరఖాస్తుదారుల్లో మన ఉపఖండం వాళ్లు చాలామంది ఉంటారు. ఎవరో ఒకరు సంఘం పెద్దల ద్వారా ఫోన్ చేయిస్తారు, గుడిలో కలిసి "మనవాడమ్మా, పిల్లలు ఉన్నారు" అంటారు. ఒక్కటే జవాబు చెప్పు: ఈ విషయం విచారణ బయట మాట్లాడను. అలా మాట్లాడారని వెంటనే అధికారికి తెలియజేయి. అతనితో పరిచయమే ఉంటే ముందే చెప్పి ఆ విచారణ నుంచి తప్పుకో. పేదవాడి కడుపు కొట్టకూడదనిపించడం మంచి మనసే. కానీ డ్రైవరు కుటుంబ, ఆర్థిక పరిస్థితులు ఈ నిర్ణయానికి సంబంధించినవి కావని 2002లో లీడ్స్ కౌన్సిల్ కేసులో హైకోర్టు తేల్చింది. అతని ప్రవర్తనను అర్థం చేసుకోవడానికి పనికొచ్చే అరుదైన సందర్భాలు వేరు.

ఈ కరుకుదనం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలంటే ఉత్తర ఇంగ్లండ్‌లోని రోథరమ్ పట్టణం మీద వచ్చిన నివేదికలు చదువు. 1997 నుంచి 2013 వరకు ఆ పట్టణంలో సుమారు 1400 మంది పిల్లలు లైంగిక దోపిడీకి గురయ్యారని 2014 ఆగస్టులో వచ్చిన విచారణ నివేదిక అంచనా వేసింది. అందులో కొందరు టాక్సీ డ్రైవర్ల పాత్ర మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. జాత్యహంకారులని అంటారేమోనన్న జంకుతో సిబ్బందిలో కొందరు నోరు మెదపలేదని కూడా అందులో ఉంది. మరుసటి ఏడాది ప్రభుత్వం కమిషనర్లను పంపి ఆ కౌన్సిల్ అధికారాలను వారికి అప్పగించింది. ఆ నివేదికలు చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మనలాంటి రంగు ఉన్నవాళ్లం ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు మనవాడని వదిలేయకూడదు, మనవాడు కాబట్టి ఇంకాస్త కఠినంగా ఉండాలనీ అనుకోకూడదు. నిజాయితీగా బండి నడిపే వేలమంది డ్రైవర్ల పరువు కూడా మీ చేతుల్లోనే ఉంది.

శిక్షలను మాత్రమే చూసి ఆగిపోవద్దు. 2014 డిసెంబరులో ఢిల్లీలో ఉబర్ కారులో జరిగిన అత్యాచారం నీకు గుర్తుండే ఉంటుంది. ఆ డ్రైవరు అంతకుముందే అలాంటి కేసులో అరెస్టయినవాడు. అతని దగ్గర ఉన్న పోలీసు ప్రవర్తన పత్రం నకిలీదని తరువాత తేలింది. ఇక్కడ 1998లోనే రష్‌క్లిఫ్ కౌన్సిల్ కేసులో కోర్టు స్పష్టం చేసింది: శిక్ష పడకపోయినా, నమ్మదగిన సమాచారం ఉంటే కౌన్సిల్ దాన్ని తూకం వేయవచ్చు. ఆరోపణ వస్తే చాలు కాదనమని దీని అర్థం కాదు. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఆధారం ఏమిటి, అతని జవాబు ఏమిటి అన్నీ చూడాలి. పద్దెనిమిదేళ్లు నిండాక వరుసగా మూడు నెలలో అంతకు మించో విదేశంలో ఉన్నవారైతే అక్కడి పోలీసు పత్రం ఉందేమో చూడు, డీబీఎస్‌లో విదేశీ కేసులు కనిపిస్తాయని నమ్ముకోవద్దు. ఒక కౌన్సిల్ కాదంటే మరో కౌన్సిల్‌కు పోయి తెచ్చుకోవడం ఒకప్పుడు తేలిక. 2022 నాటి చట్టం వచ్చాక ఇంగ్లండ్‌లో తిరస్కరణల, రద్దుల జాతీయ రిజిస్టరు చూడకుండా నిర్ణయం తీసుకోకూడదు. నివేదికలో ఆ తనిఖీ ప్రస్తావన లేకపోతే విచారణ మొదలుకాకముందే అడుగు.

విచారణలో అతన్ని హడావిడి పెట్టకు. ఇంగ్లిషు తడబడితే మళ్లీ నిదానంగా అడుగు, కావాలంటే దుబాసీ కోసం వాయిదా వేయి. భాష రాకపోవడాన్ని దాపరికం అనుకునే పొరపాటు జరుగుతుంటుంది. ఫారంలో కేసు రాయకుండా వదిలేసినవాణ్ణి మాత్రం గట్టిగా నిలదీయి. తెలిసి అబద్ధం రాయడం మొదట చెప్పిన 1976 చట్టం కింద నేరం, పైగా పాత నేరం కంటే నిన్నటి అబద్ధమే అతని గురించి ఎక్కువ చెబుతుంది.

నిర్ణయం అయ్యాక కారణాలు న్యాయ సలహాదారు రాస్తారులే అని ఊరుకోకు. ఏ మాట నమ్మారు, ఏది నమ్మలేదు, ఎందుకన్నది విచారణలో కూర్చున్న మీ కౌన్సిలర్లందరూ గది వదలకముందే రాయించండి. అతనికి 21 రోజుల్లో మెజిస్ట్రేట్ కోర్టులో అప్పీలు చేసుకునే హక్కు ఉంది, ఆ సంగతి అతనికి తెలిసేలా చెప్పాలి. కాదన్నప్పుడు దేనివల్ల కాదన్నారో, మళ్లీ దరఖాస్తు చేస్తే ఏం తెచ్చుకోవాలో మామూలు మాటల్లో రాయండి. మొదటి విచారణకు ముందు ఒకసారి పరిశీలకురాలిగా కూర్చుంటానని అధికారిని అడుగు, సాధారణంగా ఒప్పుకుంటారు. ఆ రోజు నోట్సు రాసుకుని ఆదివారం ఇంటికి రా. మీ అత్తయ్య పెసరట్లు వేస్తానంది, తింటూ ఒక్కొక్కటీ మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మీ మామయ్య