టెక్ సందేహాలు: వానాకాలంలో కారు, చేతికందే చోట ఉండాల్సిన సామాన్లు

బెంగళూరులో వానలు మొదలైతే నాకొచ్చే ప్రశ్నల తీరు మారిపోతుంది. మొన్నటిదాకా ఏ ఫోన్ కొనాలి, ఏ ల్యాప్‌టాప్ మంచిదని అడిగినవాళ్లే ఇప్పుడు కార్ల గురించి అడుగుతున్నారు. అందుకే ఈసారి మొత్తం కార్లకే కేటాయించాను. అన్నిటికంటే ముందు జవాబు చెప్పాల్సింది మారతహళ్లి పాఠకుడికి. ఆలస్యం చేయకూడని ప్రశ్న అది.

మా ఆవిడ రోజూ పాపను స్కూల్లో దింపడానికి కారులో వెళ్తుంది. దారిలో ఒక అండర్‌పాస్ ఉంది. వానకు అది నిండిపోతుందేమోనని నాకు భయం. అద్దం పగలగొట్టే సుత్తి కొనమంటున్నారు. సీటు హెడ్‌రెస్ట్ తీసి దాని ఊచలతో పగలగొట్టొచ్చని ఒక వీడియోలో చూశాను. సుత్తి నిజంగా అవసరమా?

అద్దం పగలగొట్టే పరికరం ఒకటి అవసరమే, కానీ అది సుత్తే కానక్కర్లేదు. 2023 మే 21న కె.ఆర్. సర్కిల్ అండర్‌పాస్‌లో ఏం జరిగిందో మన తెలుగువాళ్లు మరిచిపోలేదు. ఆంధ్రప్రదేశ్ నుంచి ఉద్యోగానికి వచ్చిన ఇరవై ఏళ్లు దాటిన అమ్మాయి, కుటుంబంతో కలిసి ఊరు చూడ్డానికి అద్దె కారులో బయల్దేరి ఆ నీళ్లలో ప్రాణం పోగొట్టుకుంది. విధానసౌధకు కూతవేటు దూరంలో, పట్టపగలు జరిగింది.

ముందు హెడ్‌రెస్ట్ సంగతి. దాన్ని అందుకోసం తయారు చేయరు. కొన్ని కార్లలో అది మామూలుగా లాగితేనే ఊడిరాదు, నీళ్లలో కంగారుగా ఉన్నప్పుడు అసలే రాదు. దాని మీద ఆశ పెట్టుకోకండి. కొనాల్సింది స్ప్రింగ్ ఉండే చిన్న పంచ్. మొన అద్దానికి ఆనించి నొక్కితే లోపలి స్ప్రింగ్ టక్కున కొడుతుంది. సుత్తిని చెయ్యి ఊపి కొట్టాలి. నీళ్లలో చెయ్యి ఊపుకు రాదు, ఇరుకు సీటులో జాగా కూడా ఉండదు. పంచ్‌కు ఆ ఇబ్బంది లేదు. వెనకవైపు బెల్టు కోసే బ్లేడు కూడా ఉన్నది తీసుకోండి.

పోయిన ఏడాది శివాజీనగర్‌లో పాత కార్ల సామాన్లు అమ్మే షాపులో ఒక డోరు కొని రెంటినీ పరీక్షించి చూశాను. సుత్తితో అద్దం నడిమధ్యన మూడు దెబ్బలు వేస్తే మూడూ జారిపోయాయి, చెయ్యి జివ్వుమంది. తర్వాత పంచ్ తీసి అద్దం కింది మూలలో, అంచుకు రెండు వేళ్ల దూరంలో ఆనించి నొక్కాను. టక్కుమన్న చప్పుడు, మరుక్షణం అద్దమంతా తెల్లటి సాలెగూడు. మోచేత్తో నెట్టగానే పంచదార పలుకుల్లా రాలిపోయింది. కొట్టాల్సింది మూలలోనే.

ముందు అద్దం జోలికి వెళ్లొద్దు. అది రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి చేసిన లామినేటెడ్ అద్దం. పగుళ్లిస్తుంది కానీ విడిపోదు. పక్క డోర్ల అద్దాలు మామూలుగా టెంపర్డ్ రకం, పొడిపొడి అవుతాయి. ఖరీదైన కొన్ని కార్లలో పక్క అద్దాలు కూడా లామినేటెడ్ ఉంటాయి. మీ కారుది ఏ రకమో అద్దం మూలన ముద్రించి ఉంటుంది, ఈరోజే చూడండి. ముందు డోర్లకు లామినేటెడ్ ఉంటే వెనక డోర్లవి చూసుకోండి.

పంచ్ ఎక్కడ పెడతారన్నదే అసలు విషయం. గ్లవ్ బాక్సులోనో డిక్కీలోనో ఉంటే లేనట్టే లెక్క. సీటు బెల్టు బిగుసుకుపోయి, వంగలేని స్థితిలో కూడా చేతికందాలి. డ్రైవర్ సీటుకూ గేర్‌కూ మధ్య గట్టి వెల్‌క్రోతో అతికించండి. మీ ఆవిడను సీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, కళ్లు మూసుకుని తీయమనండి. అందిందా, సరే. అందకపోతే చోటు మార్చండి.

కారు నీళ్లలో చిక్కుకుంటే మొదటి పని పంచ్ వెతకడం కాదు, అద్దం దించడం. కరెంటు పనిచేసే తొలి క్షణాల్లోనే బటన్ నొక్కేయాలి. బయటి నీళ్ల ఒత్తిడికి డోరు తెరుచుకోదు, కిటికీయే దారి. బెల్టు విప్పడం, పాప బెల్టు విప్పడం, కిటికీలోంచి ముందు పాపను పంపడం, తర్వాత తను. ఈ వరుస ఇంట్లో ఒకసారి నోటితో చెప్పుకోండి. సామాన్లు, ఫోను, బ్యాగు వదిలేయాలి.

అసలు అంతదాకా రాకుండా చూసుకోవాలి. ఎదురుగా ఉన్న నీళ్ల లోతు కంటితో తెలియదు. ముందు వెళ్లిన బండి చక్రం సగం మునిగిందంటే మీరు వెనక్కి తిరగాలి. ఇంజన్ నీళ్లలో ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకండి. గాలి పీల్చే గొట్టం ద్వారా నీళ్లు సిలిండర్‌లోకి వెళ్లి ఉంటే, గాలి నలిగినట్టు నీళ్లు నలగవు, లోపలి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఇలా చెడిన ఇంజన్‌కు మామూలు ఇన్సూరెన్స్ సాధారణంగా డబ్బివ్వదు. ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ ఉండాలి. బెంగళూరులో కారున్నవాళ్లు రెన్యూవల్‌లో దాన్ని తీసేయకండి.

వైట్‌ఫీల్డ్ నుంచి నెలకోసారి కడప వెళ్తుంటాం. గాలి కొట్టే చిన్న మెషిన్, టైర్లలో గాలి ఎంతుందో చూపే సెన్సర్లు, రెండూ కొనాలా?

గాలి మెషిన్ కళ్లు మూసుకుని కొనండి. సెన్సర్లు డబ్బుంటే కొనండి.

ఒకసారి కోలార్ దాటి ములబాగల్ వైపు వెళ్తున్నాను. రాత్రి పదకొండు దాటింది. స్టీరింగ్ ఎడమవైపు లాగుతోంది. దిగి ఫోన్ లైటు వేసి చూస్తే వెనక ఎడమ టైరులో ఒక స్క్రూ దిగి ఉంది, గాలి మెల్లగా పోతోంది. ఆ చీకట్లో హైవే పక్కన జాకీ వేసి స్టెప్నీ మార్చడం ఎంత ప్రమాదమో లారీలు పక్కనుంచి వెళ్తుంటే తెలిసింది. స్క్రూ పీకలేదు. పీకితే గాలంతా ఒక్కసారే పోతుంది. మెషిన్ పెట్టి గాలి ఒత్తిడి 33 పాయింట్ల (పీఎస్‌ఐ) దాకా నింపి, మెల్లగా నడుపుకుంటూ ఎనిమిది కిలోమీటర్ల అవతల పెట్రోల్ బంకు పక్కనున్న పంక్చర్ షాపుకు చేరాను.

కొనేటప్పుడు సిగరెట్ లైటర్ సాకెట్‌కు పెట్టే రకమే తీసుకోండి. బ్యాటరీ రకం చూడ్డానికి బావుంటుంది, కానీ అవసరమైన రోజున దాని చార్జ్ అయిపోయి ఉంటుంది. గాలి కొట్టేటప్పుడు ఇంజన్ ఆన్‌లో ఉంచండి, లేకపోతే కారు బ్యాటరీ మీద పడుతుంది. ఆపకుండా చాలాసేపు వాడితే మెషిన్ వేడెక్కుతుంది, మధ్యలో విశ్రాంతి ఇవ్వండి. దాని మీటరు ఒకటి రెండు పాయింట్లు తప్పు చూపొచ్చు. పెన్నులాంటి ప్రెషర్ గేజ్ ఒకటి కొని పోల్చి చూసుకుంటే తేడా తెలిసిపోతుంది.

ఎంత గాలి పెట్టాలి? డ్రైవర్ డోరు తెరిస్తే పక్క స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది, అదే లెక్క. టైరు పక్కన అచ్చేసిన అంకె ఆ టైరు మోయగల గరిష్ఠం, దాన్ని పట్టుకుని కొట్టించుకోకండి. నలుగురితో, డిక్కీ నిండా సామానుతో వెళ్లేటప్పుడు పెట్టాల్సిన అంకె అదే స్టిక్కర్ మీద వేరేగా ఉంటుంది. పొద్దున్నే, కారు కదలకముందు చూసుకోండి. నడిచిన టైరు వేడెక్కి లోపలి ఒత్తిడి పెరుగుతుంది, అప్పుడు ఎక్కువ చూపిస్తోందని గాలి తీసేస్తే, చల్లబడ్డాక తక్కువైపోతుంది. కడప ఎండలో ఈ తప్పు చాలామంది చేస్తారు.

సెన్సర్లలో టైరు వాల్వ్ మూతల్లా బయట బిగించేవి చౌక. బిగించాక వాల్వ్ మీద సబ్బు నీళ్లు పోసి బుడగలొస్తున్నాయేమో చూడండి. సరిగ్గా బిగుసుకోకపోతే ఆ సెన్సరే గాలి పోవడానికి కారణమవుతుంది. వాటిని విప్పే చిన్న స్పానర్ గాలి మెషిన్‌తో పాటే ఉంచండి. అది ఇంట్లో ఉండిపోతే రోడ్డు మీద గాలి కొట్టలేరు.

కారులోంచి రోడ్డును రికార్డు చేసే కెమెరా, డాష్‌క్యామ్ పెట్టిద్దామనుకుంటున్నాను. 64 జీబీ కార్డు చాలా? ప్రమాదం జరిగితే ఆ వీడియో కోర్టులో చెల్లుతుందా? (బనశంకరి)

చాలు. ఫుల్ హెచ్‌డీలో సెకనుకు 15 మెగాబిట్ల లెక్కన గంటకు ఏడు జీబీకి కాస్త తక్కువ పడుతుంది. 64 జీబీలో సుమారు తొమ్మిది గంటలు నిలుస్తుంది, తర్వాత పాతది చెరిపి కొత్తది రాస్తుంది. వెనక కెమెరా కూడా ఉంటే దాదాపు సగమే అనుకోండి. ఫోన్లో వాడే మామూలు కార్డు పెట్టకండి. రోజంతా రాసి చెరిపే పనికి హై ఎండ్యూరెన్స్ అని రాసి ఉన్నది కావాలి. నెలకోసారి కెమెరాలోనే ఫార్మాట్ చేయండి.

ఎండలో పార్క్ చేసే కారైతే లిథియం బ్యాటరీ ఉన్న కెమెరా వద్దు, వేడికి ఉబ్బుతుంది. బ్యాటరీ బదులు కెపాసిటర్ ఉన్నదని రాసి ఉంటేనే తీసుకోండి. పార్కింగ్‌లో కూడా రికార్డు కావాలంటే, కారు బ్యాటరీ పడిపోతున్నప్పుడు తనంతట తానే ఆగిపోయే వైరింగ్ కిట్ పెట్టించండి. వైరు కోసి అతికించే మెకానిక్‌కు మాత్రం కారు ఇవ్వకండి. వైరు కోయకుండా ఫ్యూజ్ బాక్సు నుంచే కరెంటు తీసుకునే ఫ్యూజ్ ట్యాప్ వాడమని అడగండి.

కోర్టు విషయం. 2024 జులై 1 నుంచి పాత సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. ఎలక్ట్రానిక్ రికార్డులు ఎలా చెల్లుతాయో అందులో 63వ సెక్షన్ చెబుతుంది, దానికి ధ్రువపత్రం జత చేయాలి. మీరు చేయాల్సింది సులభమే: ప్రమాదం జరగ్గానే కెమెరాలో ఆ క్లిప్‌ను లాక్ చేయండి, ఇంటికెళ్లగానే కార్డు బయటికి తీసి అలాగే దాచండి, వేరే కార్డు వేసుకోండి. వాట్సాప్‌లో పంపిన కాపీలో నాణ్యత తగ్గుతుంది, దాన్నే సాక్ష్యమని నమ్ముకోకండి. కెమెరాలో తేదీ, టైమ్ సరిగ్గా ఉన్నాయో లేదో మాత్రం ఇప్పుడే చూసుకోండి. చాలా కెమెరాల్లో పెట్టిననాడు ఎవరూ సరిచేయరు.

చలాన్ పెండింగ్ ఉందంటూ వాట్సాప్‌లో ఒక ఫైల్ వచ్చింది. నా బండి నంబర్ కూడా రాసి ఉంది. ఓపెన్ చేయొచ్చా? (కె.ఆర్. పురం)

చేయొద్దు. దాని పేరు చివర ఏపీకే అని ఉంటుంది చూడండి, అది ఫోటో కాదు, యాప్. ఇన్‌స్టాల్ చేశారంటే మీ మెసేజ్‌లు చదివే అనుమతి అడుగుతుంది. ఇస్తే బ్యాంకు ఓటీపీలు అవతలి వాడి చేతిలో ఉన్నట్టే. బండి నంబర్ ఉందని నమ్మకండి, అది రోడ్డు మీద పోయే ఎవరికైనా కనిపించేదే. ప్రభుత్వం చలాన్‌ను ఏపీకేగా ఎప్పుడూ పంపదు. అనుమానముంటే బ్రౌజర్‌లో మీరే echallan.parivahan.gov.in అని టైప్ చేసి చూడండి. ఇప్పటికే ఇన్‌స్టాల్ చేసి ఉంటే ముందు డేటా, వైఫై ఆపేయండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా ఆపించి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఇది ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. సిగ్గుపడి రెండు రోజులు ఆగినవాళ్లను చూశాను, ఆ రెండు రోజుల్లోనే ఖాతా ఖాళీ అయింది.

ఇంజన్ లైటు వెలుగుతోంది. కారు లోపాల కోడ్ చదివే ఓబీడీ పరికరం కొంటే లోపమేంటో నేనే కనుక్కోవచ్చా?

సగం కనుక్కోవచ్చు. స్టీరింగ్ కింద మోకాళ్ల దగ్గర ఉండే సాకెట్‌లో పెట్టి, బ్లూటూత్‌తో ఫోన్‌కు కలిపితే కోడ్ చూపిస్తుంది. పీ0301 అంటే మొదటి సిలిండర్ సరిగ్గా మండటం లేదని. కానీ స్పార్క్ ప్లగ్ వల్లా, కాయిల్ వల్లా, ఇంజెక్టర్ వల్లా అన్నది అది చెప్పదు. కోడ్ రాసుకుని గ్యారేజీకి వెళ్తే అనవసర భాగాలు మార్చకుండా అడగడానికి మీకు ఆధారం ఉంటుంది. చూడకముందే కోడ్ చెరిపేయకండి, పని అయ్యాక పరికరం పీకేయండి, పెట్టి వదిలేస్తే బ్యాటరీ తింటుంది. లైటు నిలకడగా వెలిగితే ఒకటి రెండు రోజుల్లో చూపించండి. మిణుకుమిణుకుమంటుంటే అక్కడే ఆపండి.

ఫాస్టాగ్ వార్షిక పాస్ నాకు లాభమా? అనంతపురానికి నెలకు రెండుసార్లు వెళ్తాను.

2025 ఆగస్టు 15న మొదలైనప్పుడు 3000 రూపాయలు, 200 ట్రిప్పులు లేదా ఏడాది, ఏది ముందైతే అది. ప్రైవేటు కార్లకు, జాతీయ రహదారుల టోళ్లకే. రాష్ట్ర రోడ్ల మీద మామూలుగానే కట్ అవుతుంది. ఒక్కో ప్లాజా దాటితే ఒక ట్రిప్పు. మీ దారిలో ఒకవైపు మూడు ప్లాజాలు అనుకుంటే ఏడాదికి 144. ఇప్పుడు ఎంత కడుతున్నారో బ్యాంకు మెసేజ్‌ల్లో కూడుకోండి, రాజ్‌మార్గ్‌యాత్ర యాప్‌లో నేటి ధర చూసి పోల్చండి.

సీటు బెల్టు అలారం ఆపే క్లిప్పు మా పాత కారులో ఉంది. దాన్ని కొత్త కారుకు వాడొచ్చా? సీటు కవర్లు కూడా వేయించాలి.

కవర్లు వేయించే ముందు సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ గుర్తు ఉందేమో చూడండి. ఉంటే అక్కడ కుట్టు విడిపోయేలా చేసిన కవర్లే వేయించండి, లేదంటే ఆ బ్యాగ్ బయటికి రాలేకపోతుంది.

క్లిప్పు వాడొద్దు. ఎయిర్‌బ్యాగ్‌ను బెల్టుకు తోడుగా ఉండేలా తయారు చేస్తారు, బెల్టు బదులు కాదు. బెల్టు లేని మనిషి ముందుకు దూసుకెళ్లేసరికి, రెప్పపాటులో పేలినట్టు విచ్చుకునే బ్యాగే గట్టిగా తగులుతుంది. 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఈ క్లిప్పులను అమ్మకం నుంచి తీసేయమని ఆన్‌లైన్ షాపులను ఆదేశించింది. వెనక సీట్లో కూర్చున్నవాళ్లు కూడా బెల్టు పెట్టుకోవాల్సిందే. మీ దగ్గరున్న క్లిప్పును ఈ రాత్రే తీసి, పటకారతో విరగ్గొట్టి పడేయండి. ముక్కలైతే చెత్తకుప్ప నుంచి ఏరుకుని ఇంకొకరు తమ కారులో పెట్టుకోలేరు.