ఈ ఏడు మా ఇంటికి నక్షత్రం కట్టొచ్చా?

ప్రశ్న: మాది విశాఖ వన్ టౌన్. మావారు ఏప్రిల్‌లో గుండెపోటుతో ప్రభువునందు నిద్రించారు. ఇరవై ఏళ్లు ఇద్దరం చర్చి క్వయర్‌లో కలిసి పాడాం. డిసెంబరు వస్తే ఆయనే వెదురు పుల్లలు చీల్చి, రంగు కాగితాలు అంటించి, నక్షత్రం చేసి డాబా మీద కట్టేవారు. ఇంటర్ చదివే మా అబ్బాయి మొన్న అటక మీంచి ఆ పాత నక్షత్రం దించాడు. మా అత్తగారు "ఏడాది తిరక్కుండా ఈ ఇంటికి నక్షత్రమా! నలుగురూ ఏమనుకుంటారు?" అని లోపల పెట్టించేశారు. అప్పట్నుంచి వాడు ఆవిడతో మాట్లాడడం లేదు. ప్రాక్టీసుకి వెళ్తే నాకు గొంతు పెగలడం లేదు. క్రిస్మస్ పూట ఏడవడం అవిశ్వాసం అంటున్నారు కొందరు. నాకు విశ్వాసం తగ్గిపోయిందా?

జవాబు: అమ్మా, ముందు మీ చివరి ప్రశ్నకి చెబుతాను. తగ్గలేదు. లాజరు సమాధి దగ్గర యేసు ప్రభువే కన్నీళ్లు విడిచారు, ఇంకాసేపట్లో అతన్ని లేపబోతున్నానని తెలిసి కూడా. మీరు ఏడిస్తే తప్పేముంది?

డిసెంబరు ఒకటో తారీఖు నుంచే మనకి పండుగ మొదలైపోతుంది. సెమీ క్రిస్మస్‌లు, క్యారల్స్ రౌండ్లు, కేకులు. కానీ క్రిస్మస్‌కి ముందు వచ్చే నాలుగు ఆదివారాలూ అసలు పండుగ రోజులు కావు, అడ్వెంట్, ఎదురుచూపుల కాలం. చాలా చర్చిల్లో బలిపీఠం మీద ఊదారంగు బట్ట వేస్తారు చూడండి, శ్రమల కాలంలో వేసే రంగే అది. మొదటి ఆదివారం నాలుగు కొవ్వొత్తుల్లో ఒక్కటే వెలుగుతుంది, మూడు వెలగకుండానే ఉంటాయి. ఈ కొవ్వొత్తుల ఆనవాయితీ కూడా దిక్కులేని పిల్లల మధ్య పుట్టిందే. 1839లో జర్మనీలోని హాంబర్గ్‌లో వికెర్న్ అనే పాస్టరుగారు, పండుగ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసే ఆశ్రమం పిల్లల కోసం బండి చక్రం మీద కొవ్వొత్తులు పెట్టి వెలిగించారట. మీ ఇంట్లో ఈ ఏడు ఒక్కటే వెలుగుతోంది. అడ్వెంట్‌లో అలాంటి ఇంటికీ చోటుంది.

పాట సంగతికి వస్తే, ఈ ఏడు పాడకండి. క్వయర్ మాస్టరుగారికి ఆ మాట మీరే చెప్పండి, సంజాయిషీ అక్కర్లేదు. "అన్యుల దేశములో యెహోవా కీర్తనలు మనమెట్లు పాడుదుము?" అని సితారాలు చెట్లకి తగిలించేసిన వాళ్ల కీర్తన మన బైబిల్లోనే ఉంది, 137వది. వెనక బెంచీలో కూర్చుని మిగతావాళ్లు పాడుతుంటే వినండి. మధ్యలో లేచి వెళ్లిపోవాలనిపిస్తే వెళ్లిపోండి.

ఇక మీ అత్తగారు. నేను ఎక్కువసేపు ఆలోచించింది ఆవిడ గురించే. ఏటిసూతకం పట్టింపు బైబిల్లో లేదని ఆవిడతో వాదించాలని మీ అబ్బాయికి అనిపిస్తుంది. ఆ వాదనలో గెలిచినా మిగిలేదేమీ ఉండదు. ఏప్రిల్‌లో పలకరింపుకి వచ్చినవాళ్లంతా మీ చెయ్యి పట్టుకుని ఉంటారు, పిల్లాడి తల నిమిరి ఉంటారు. కొడుకుని మట్టిలో పెట్టిన ఆ తల్లి వంటింట్లో టీ కాస్తూ ఉండి ఉంటారు. నా దగ్గరికి వచ్చే కుటుంబాల్లో ఇది ఎన్నిసార్లు చూశానో! నలుగురూ ఏమనుకుంటారు అన్నది ఆవిడకి నోటికి వచ్చిన మాట. కొడుకు చేత్తో కట్టిన నక్షత్రం కళ్లెదుట వేలాడుతుంటే ఓర్చుకోలేనన్నది నోటికి రాని మాట అని నాకనిపిస్తోంది.

అందుకే ముందు ఆవిడ పక్కన కూర్చోండి. "అత్తయ్యా, చిన్నప్పుడు ఆయన మొదటి నక్షత్రం ఎప్పుడు చేశారు?" అని అడగండి. అబ్బాయి కూడా పక్కనుంటే మంచిది. వాడు తండ్రి గురించి వినని కథలు ఆవిడ దగ్గరే ఉన్నాయి.

వాడితో విడిగా మాట్లాడడం కూడా అవసరమే. ఇంట్లో కుదరకపోతే ఒక సాయంత్రం ఇద్దరూ రాస్ హిల్ ఎక్కండి. మేరీమాత గుడి దగ్గర నుంచి చూస్తే ఓడలు హార్బర్‌లోకి వచ్చే దారి కనిపిస్తుంది. పక్కపక్కన నిలబడి దూరంగా చూస్తున్నప్పుడు మగపిల్లలు కాస్త నోరు విప్పుతారు.

నక్షత్రం కట్టొచ్చు. ఎక్కడన్నది మాత్రం అత్తగారినే అడగండి. డాబా మీద వద్దంటే లోపల గదిలో కిటికీకి కట్టండి. చిరిగిన కాగితం మార్చమనండి కానీ పుల్లల కొసల్లో దారం ముళ్లు విప్పొద్దని అబ్బాయికి చెప్పండి. అవి మీవారి వేళ్లు వేసిన ముళ్లు.

లూకా రెండో అధ్యాయంలో అన్న అనే ప్రవక్త్రి ఉంది. పెళ్లయ్యాక ఏడేళ్లే కాపురం చేసి, ఎనభై నాలుగేళ్ల వయసు దాకా విధవగా దేవాలయంలోనే గడిపిన మనిషి. బాలయేసును చూసినవాళ్లలో ఆవిడా ఉంది. క్రిస్మస్ ప్రసంగాల్లో గొర్రెల కాపరులకీ జ్ఞానులకీ దొరికినంత చోటు ఆవిడకి దొరకదు. మీరు మాత్రం ఈ నెలలో ఒకసారి చదవండి.

రాత్రి ఆరాధన కష్టమైతే ఉదయం ఆరాధనకే వెళ్లండి. వారాల తరబడి నిద్ర, తిండి లేకపోయినా, బతకాలని లేదనిపించినా ఆలస్యం చేయకండి, ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. ప్రార్థనా మానొద్దు, డాక్టరునీ మానొద్దు.

ఇంకొకటి, క్యారల్స్ వాళ్లు మీ వీధికి వచ్చే రాత్రి. తలుపు వేసుకుని లైట్లు ఆపేయకండి. ఒక్క పాట పాడి, చిన్న ప్రార్థన చేసి వెళ్లమని ముందే కబురు పెట్టండి. ఏ పాటో అత్తగారినే చెప్పనివ్వండి.